యశ్వంతనగర్ సముద్రం

పొద్దున పాలు కాచి, నాయనకు రొట్టె కట్టిచ్చి, అక్కచెల్లెళ్ళిద్దరూ కలిసే సముద్రానికి బయలుదేరేవాళ్ళు. సౌభాగ్య నడుముకు చిన్న కొడవలి దోపుకొని ముందు నడిచేది. మంచుపెట్టె, సీసాల సంచీ మోసుకుంటూ అంబిక వెనక వచ్చేది. యశ్వంతనగర్ ఇళ్ళు దాటి, ఒకప్పుడు లారీలను తూకం వేసిన పాత షెడ్డు పక్కనుంచి కొండెక్కి అటువైపు దిగితే సముద్రం. దారి పొడుగునా ఎర్రమట్టి. తిరిగి ఇల్లు చేరేసరికి ఇద్దరి కాళ్ళూ మోకాళ్ళ దాకా ఎర్రబారి, ఆ ఎరుపు మీద ఉప్పు తెల్లగా చారలు కట్టి ఉండేది.

గనులు నిలిచిపోయిన మరుసటి ఏడు శ్రావణంలో సముద్రం అక్కడికి వచ్చింది. అంతకుముందు అది ఇనుపరాయి తవ్విన గుంత. లారీలు దిగడానికి మెట్లు మెట్లుగా తొలిచి వదిలేశారు. ఒక పొద్దున గొర్రెలు తోలుకుపోయినవాళ్ళు చూస్తే అడుగు మెట్లన్నీ నీళ్ళలో ఉన్నాయి. నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. అలలు వస్తున్నాయి. పున్నమికీ అమావాస్యకీ ఒక మెట్టు పైకెక్కి మళ్ళీ దిగుతున్నాయి. పంచాయతీ వాళ్ళు లోతు ఎక్కువ, జాగ్రత్త అని కన్నడంలో బోర్డు పాతారు. సండూరు బస్సు కండక్టర్లు ఆ మలుపు దగ్గర 'సముద్ర, సముద్ర' అని కేకవేయడం అలవాటు చేసుకున్నారు. హంపి దగ్గర తుంగభద్రలో గుండ్రటి వెదురు పుట్టి తోలుకునే జంబన్న, తన పుట్టిని ట్రాక్టరులో వేసుకొని ఇక్కడికే వచ్చేశాడు. సండూరు సంతలో చేపలవాళ్ళ వరస ఒకటి కొత్తగా పెరిగింది. తీరం ఉన్న జిల్లాకు తీరపు నీళ్ళ పరీక్ష ఉండాలి గనక, ప్రభుత్వం సండూరులో ఒక అద్దె ఇంట్లో పరీక్ష గది తెరిచింది.

సముద్రం వచ్చేనాటికి సౌభాగ్య చేతిలో పని లేదు. తల్లి కెంచమ్మ పోయినప్పుడు అంబిక ఇంకా పలక పట్టే పిల్ల. సౌభాగ్య బడి మానేసి గనిలో జల్లెడ పట్టి చెల్లెల్ని చదివించింది. పెళ్ళి చేసుకున్న లారీ డ్రైవరు గనులు నిలిచిపోయాక గోవా పక్కకు పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఆమె అతని కోసం ఏడ్చిందో లేదో ఎవరూ చూడలేదు. చేపలు కొనడానికి వచ్చిన కార్వార్ రేవు మనిషి ఒకడు ఆల్చిప్పలు పెంచే పద్ధతి చూపించి పోతే, ఆమె ఒక్కతే నిలబడి నేర్చుకుంది. ఖాళీ డ్రమ్ముల మీద వెదుళ్ళు కట్టి, వాటినుంచి నీళ్ళలోకి తాళ్ళు దించింది. తాళ్ళకు ఆల్చిప్పలు గుత్తులు గుత్తులుగా పట్టాయి. కొన్నేళ్ళకు తారానగర్ నుంచి బండ్రి దాకా 'ఆల్చిప్పల సౌభాగ్య' అంటే తెలియని ఇల్లు లేదు.

అంబిక బళ్ళారిలో చదివి, కార్వార్‌లో పని నేర్చుకొని, సండూరు గదిలోనే ఉద్యోగం సంపాదించుకొని ఇంటికి వచ్చింది. జంబన్న పుట్టిలో నడి సముద్రానికి పోయి, పైనీళ్ళు, నడిమినీళ్ళు, అడుగునీళ్ళు వేరువేరు సీసాల్లో పట్టేది. ఎరువుల్లో ఉండే లవణాలు, నైట్రేట్, ఫాస్ఫేట్ ఆ నీళ్ళలో ఎంతెంత ఉన్నాయో, ఊపిరి పీల్చుకోవడానికి ప్రాణులకు ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూసేది. ఆఖరున రెండు దవడల ఇనుప డబ్బా ఒకటి తాడుకు కట్టి దించేది. అది అడుగుకు తగలగానే నోరు మూసుకొని బురదను కరుచుకొని పైకి వచ్చేది. 'నీళ్ళు ఈ పూట సంగతి చెప్తాయి, బురద ఏళ్ళ సంగతి చెప్తుంది' అని కార్వార్‌లో ఆమెకు పని నేర్పిన ముసలాయన అనేవాడు.

ఈ సముద్రం బురదకు ఒక మంచి గుణం ఉండేది. పైపొర ఎర్రగా, ఇనుముతో నిండి ఉండేది. పొలాలనుంచి కొట్టుకొచ్చిన ఫాస్ఫేటును ఆ ఇనుము పట్టి దాచుకొనేది. అడుగునీళ్ళలో ఊపిరి ఉన్నన్నాళ్ళే ఆ పట్టు. ఊపిరి పోయిందంటే ఇనుము చెయ్యి వదిలేస్తుంది. దాచినదంతా ఒక్కసారిగా నీళ్ళలోకి వచ్చేస్తుంది.

ఉగాది దాటాక ఒకరోజు డబ్బా తెరిచి చూస్తే ఎర్ర పొర గోరంత మందమే ఉంది. దాని కింద అంతా నలుపు. మురిగిన గుడ్డు వాసన గుప్పున కొట్టింది. జంబన్న తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏంది పాపా ఇది, మోరీ కంపు కొడతాండాది?"

"ఏంలే మామా. అడుగున ఊపిరి తగ్గిండాది" అంది అంబిక.

అతను తెడ్డు అందుకొని పుట్టిని ఒడ్డుకు తిప్పాడు.

ఆ సాయంత్రమే సండూరులో తన పైఅధికారి చక్రధర్‌కు చెప్పింది. బళ్ళారి బజారులో బట్టల కొట్టు ఉన్న ఇంటి మనిషి ఆయన. నిదానస్తుడు. ఎవరి మీదా అరిచి ఎరుగడు. అంకెలన్నీ శ్రద్ధగా చూశాడు.

"నిజమే, అడుగున తగ్గింది. కానీ ఒక్క ఎండాకాలం చూసి ఏం చెప్తాం అంబికా? ఎండకు కొంచెం తగ్గుతుంది కదా. వానాకాలం కూడా చూద్దాం. ఇప్పుడే అంటే జనం గాబరా పడతారు. రైతులు చేపలవాళ్ళను అంటారు, చేపలవాళ్ళు రైతులను అంటారు. ఊరికే, సుమ్నే గలాటా."

"వానాకాలానికి పాడైపోతే సార్?"

"కాకపోవచ్చు కూడా కదా" అన్నాడాయన.

ఆ మాట అంబికకు ఊరటగా ఉంది. అంత తేలిగ్గా ఊరట కలిగినందుకే తర్వాత ఆమె తనను తాను క్షమించుకోలేకపోయింది.

ఇంటికొచ్చేసరికి నాయన హొన్నూరప్ప పంచలో ఎరువు మూటలు పేర్చుకుంటున్నాడు. వాళ్ళ మొక్కజొన్న చేను సముద్రం పైనున్న వాలులోనే ఉంది. చుట్టుపక్కల చేలన్నీ అదే వాలు. వాన పడితే ఆ నీళ్ళన్నీ దిగేది గుంతలోకే.

"నాయనా, ఈసారి కొంచెం తగ్గించి ఏస్తే కాదా?"

"తగ్గిస్తే ఎట్లమ్మా? పక్క చేనోడు ఏస్తాండాడు. నా పంట వాని పంటను చూసి తల దించుకోదా?" అని నవ్వాడు. "ఏం, నీళ్ళల్లో ఏమన్నా వచ్చిందా?"

లోపల సౌభాగ్య ఆల్చిప్పలు ఉడకబెడుతోంది. ఆ ఏడు నీళ్ళు పచ్చగా చిక్కబడ్డాయి. ఆ పచ్చదనమంతా ఆల్చిప్పలకు తిండి. అవి ఎప్పుడూ లేనంత బలిశాయి. ఆమె వంట చేస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది. ఇంట్లో ఆమె గొంతు అట్లా విని అంబికకు ఎన్నాళ్ళయిందో.

"ఏం లేదులే నాయనా" అంది అంబిక.

ఆ వేసవిలోనే తారానగర్ బడిలో వంటమనిషి పని ఖాళీ అయింది. నీడపట్టున పని, ఎప్పటికీ ఉండే పని. బడివాళ్ళు సౌభాగ్యను రమ్మని కబురు పెట్టారు. ఆమె రెండు రోజులు ఆలోచించి, పొద్దున సముద్రానికి నడుస్తూ చెల్లెల్ని అడిగింది.

"రెండు పనులూ చేసేకి కాదు. పొద్దు మొత్తం బడికే పోతాది. తాళ్ళు ఇడిసిపెట్టాల. ఏమంటావు? నువ్వు దినామూ నీళ్ళు చూస్తాండావు కదా. బాగుండాయా?"

అంబిక మంచుపెట్టెను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

"బాగుండాయి అక్కా."

"అట్లయితే సరే, ఆయ్తు" అంది సౌభాగ్య. బడికి రానని కబురు పంపి, ఇంకా పొడుగు తాళ్ళు తెచ్చి లోతుకు దించింది.

ఎందుకు అట్లా చెప్పానని అంబిక తర్వాత ఎన్నోసార్లు తనను అడిగి చూసుకుంది. పైఅధికారి మాట ఒక కారణం. అక్క కూనిరాగం ఒక కారణం. చెడ్డ కబురు మోసుకొచ్చే మనిషి కావడం ఇష్టం లేకపోవడం ఇంకొకటి. ఏ ఒక్కటీ చాలినంత పెద్దదిగా కనపడలేదు.

వానలు బాగా పడ్డాయి. వాలులోని చేలన్నీ కడుక్కుపోయి, ఎరువు గుంతలోకి దిగింది. పచ్చదనం ఇంకా చిక్కబడి, పుట్టి తెడ్డుకు నాచు జిడ్డులా అంటుకొనేది. భాద్రపదంలో గాలి స్తంభించింది. ఆకాశం మూసుకొని, ఎండ లేక, అల లేక కొన్ని రోజులు గడిచాయి. పచ్చనిదంతా చచ్చి గోధుమరంగు తిరిగి అడుగుకు దిగింది. దిగి, అడుగున మిగిలిన ఊపిరినంతా తినేసింది. అంబిక గదిలో అంకెలు చూసి, సీసాలు అట్లాగే వదిలేసి బస్సెక్కింది.

ఆమె వచ్చేసరికే చేపలు ఒడ్డుకు చేరి నోళ్ళు పైకి పెట్టి గుటకలు వేస్తున్నాయి. ఎండ్రకాయలు మెట్లెక్కి పొడినేల మీద కూర్చున్నాయి. సౌభాగ్య జంబన్న పుట్టిలో నిలబడి ఒక్కో తాడూ పైకి లాగుతోంది. పైన మూరెడు మేర ఆల్చిప్పలు మూసుకొనే ఉన్నాయి, బతికి. దాని కిందినుంచి తాడు చివరిదాకా అన్నీ నోళ్ళు తెరుచుకొని, లోపల ఏమీ లేకుండా, నల్లగా. ఆమె ఏ తాడునూ విసిరేయలేదు. ప్రతిదాన్నీ మొత్తం లాగి చూసి, మళ్ళీ మెల్లగా నీళ్ళలోకి వదిలింది.

ఒడ్డుకు వచ్చి చెల్లెలి పక్కన కూర్చుంది. చేతులకు నల్ల బురద.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"ఉగాది దాటినాక. గట్టిగా తెల్దు అక్కా, అనుమానం. సార్ వానలు చూద్దామన్నాడు..."

"మీ సార్‌ను నేను అడగలేదు కదమ్మే. నిన్ను అడిగినాను."

సౌభాగ్య బతికిన మూరెడు తాడు వైపు చూస్తూ, తనలో తాను అనుకుంటున్నట్టు అంది.

"చెప్పింటే తాళ్ళు పైకి కట్టుకునింటిని."

కోపంగా అనలేదు. లేచి, చేతులు కడుక్కొని, నాయనకు సంగటి చెయ్యాలని ఇంటికి పోయింది.

ఆ తర్వాత ఆమె మాట్లాడటం మానేసి ఉంటే అంబికకు కొంత తేలికగా ఉండేది. ఆమె మానలేదు. నాయన మాత్ర వేసుకున్నాడా, వాన వచ్చేట్టుంది బట్టలు తియ్యి, బస్సు దొరికిందా, అన్నీ అడిగేది. నీళ్ళ సంగతి మాత్రం ఇంకెప్పుడూ అడగలేదు.

చక్రధర్ వచ్చి చెప్పులు ఒడ్డున విడిచి, చచ్చిన చేపల మధ్య చాలాసేపు నిలబడ్డాడు. "ఆగమన్నది నేనే. తప్పు నాది కూడా అంబికా" అన్నాడు.

"ఇంట్లో చెప్పొద్దని మీరు అనలేదు కదా సార్" అంది ఆమె.

అప్పుడు అంబిక చేను చేనుకూ తిరిగింది. గుంత పక్క గట్లమీద గడ్డి పెంచమని, ఎరువు కొంచెం కొంచెంగా వెయ్యమని, ఇళ్ళ మోరీ నీళ్ళు గుంతలోకి వదలొద్దని చెప్పింది. గలాటా అవుతుందని చక్రధర్ భయపడ్డాడు గానీ ఏ గలాటా కాలేదు. జనం విన్నారు. కొందరు సరే అన్నారు. హొన్నూరప్ప కూతురి మొహం చూసి, పంచలో మిగిలిన మూటలు తిరిగి అంగడికి పంపేశాడు. "ఇంత చిన్న పనికి ఆ పొద్దు ఏం లేదని యాల అంటివి?" అని మాత్రం అడిగాడు. అంబిక ఖాళీ అయిన పంచవైపు చూస్తూ, ఇంత తేలికైన పనా అనుకుంది.

కార్తీకంలో సముద్రం పోవడం మొదలుపెట్టింది. పున్నమికి ఎక్కవలసిన మెట్టు ఎక్కలేదు. దిగిన మెట్టునుంచి మళ్ళీ పైకి రాలేదు. జనం వచ్చి చూసి, 'పోతాండాది' అనుకొని పనులకు పోయారు. కండక్టర్లు మలుపు దగ్గర కేకవేయడం మానేశారు. సంతలో చేపలవాళ్ళ వరసలో ఎవరో టమోటాలు పెట్టుకున్నారు.

"ఊపిరాడని చోట ఎవురుంటారప్పా?" అన్నాడు జంబన్న, పుట్టి అంచు తుడుస్తూ. "నేనూ మల్ల ఏటికి పోతా. ఇది ఉప్పు తాగిన పుట్టి, ఏటికి పనికిరాదు. ఆడ కొత్తది అల్లుకుంటా." సౌభాగ్య వైపు తిరిగి, "నీకు కావల్నంటే దీన్ని తీస్కో తల్లీ" అన్నాడు.

ఆమె తీసుకుంది. అప్పటికే మనసులో ఏమనుకుందో ఆ ఒక్క పనితో అందరికీ అర్థమైంది.

నీళ్ళు ఆఖరి మెట్టుకు చేరిన రోజు మధ్యాహ్నం, గుంత పడమటి మూల రాళ్ళ సందులోంచి సముద్రం నెమ్మదిగా జారిపోతోంది. సౌభాగ్య పుట్టిలో ఒక బట్టల మూట పెట్టుకుంది. బతికిన ఆల్చిప్పలున్న తాడు ముక్కల్ని తడి గోనెలో చుట్టి పాదాల దగ్గర పెట్టుకుంది. హొన్నూరప్ప రొట్టెల మూట అందించాడు.

"యాటికి పోతావమ్మా?"

"అది యాటికి పోతే ఆటికి నాయనా. దాని పనే తెలుసు నాకు."

"చలి ఎక్కువుంటాదేమో. దుప్పటి పెట్టుకుంటివా?"

"పెట్టుకున్నా."

అంబిక మోకాళ్ళ లోతు బురదలో నిలబడి పుట్టి అంచు పట్టుకుంది. "నేనూ వస్తా అక్కా."

"నువ్వొస్తే నాయనకు ఎవురు? ఈ బురదను ఎవురు చూస్తారు?"

"నా మింద కోపముండాదా?"

సౌభాగ్య చెల్లెలి ముఖం వైపు చూసింది. ఏదో అనబోయి, ఒడ్డు మీదున్న మంచుపెట్టెను చూసి, "దాన్ని నీడకు పెట్టుకోపో. ఎండ పడతాండాది" అంది.

అంబిక చెయ్యి తీసింది. పుట్టి ఒక చుట్టు తిరిగి, నీళ్ళ వెంట రాళ్ళ సందువైపు పోయింది. సౌభాగ్య తల వంచుకొని సందులోకి దూరింది. కాసేపటికి ఆఖరి నీళ్ళు కూడా వెళ్ళిపోయాయి. హొన్నూరప్ప కూతురి చెయ్యి పట్టుకొని ఆమెను బురదలోంచి పైకి లాగాడు.

మూడు వారాలకు ఫోను వచ్చింది. సౌభాగ్య పడమటి తీరంలో, అఘనాశిని ఏరు సముద్రంలో కలిసే చోట, కుమటా దగ్గర తేలిందట. అక్కడి ఆడవాళ్ళు యాడనుంచి వచ్చినావని అడగలేదట. పుట్టిని చూసి, గుండ్రంగా బాగుందన్నారట. ఉండటానికి ఒక వసారా, తాళ్ళు దించుకోవడానికి కొంత చోటు ఇచ్చారట. అదంతా నాయన చెప్పగా అంబిక వింది. వారం వారం ఫోను వచ్చేది, నాయనకే. అవతల ఉన్న గొంతు లోటాలో గులకరాళ్ళు కదిలినట్టు వినపడేది, మాటలు తెలిసేవి కావు. అంబికకు ఇమ్మని ఆ గొంతు అడిగేది కాదు. ఇయ్యనా అని నాయన అడిగేవాడు కాదు.

తీరం లేని జిల్లాకు తీరపు నీళ్ళ పరీక్ష అక్కర్లేదని సండూరు గదిలో బోర్డు మార్చారు. చక్రధర్‌ను బళ్ళారికి పిలిపించుకున్నారు. అంబిక అప్పటినుంచి బోరుబావుల నీళ్ళు, చెరువుల నీళ్ళు చూసేది. సెలవు రోజుల్లో మాత్రం గుంతలోకి దిగి బురద చూసి వచ్చేది. గాలి తగలగా తగలగా నలుపు విరిగింది. పైన మళ్ళీ ఎర్ర పొర కట్టింది. మొదట గోరంత, తర్వాత వేలి మందం. గట్ల మీద గడ్డి మొలిచింది. ఒకసారి వానకు వాలు నీళ్ళు దిగితే పట్టి చూసింది. తేటగా ఉన్నాయి. సముద్రం ఉంటే ఇప్పుడు హాయిగా ఉండేది. చక్రధర్ ఒకరోజు ఫోను చేసి, "గుంత ఎట్లుంది?" అని అడిగితే, "కోలుకుంది సార్" అంది. ఆయన "ఊఁ" అన్నాడు. ఫోను పెట్టేశాడు.

మరుసటి ఎండాకాలం ఒక సాయంత్రం నాయన మాట్లాడుతూ మాట్లాడుతూ ఫోను ఆమె ముందుకు చాపాడు. "నీకే. ఇమ్మంటాంది."

అంబిక చేతులు పైటకు తుడుచుకొని అందుకుంది.

"అక్కా."

"ఊఁ. అన్నం తింటివా?"

"ఇంకా లేదు."

అవతల అలల చప్పుడు వినిపించింది.

"ఈడ నీళ్ళు కొంచెం పచ్చ తిరిగిండాయి" అంది సౌభాగ్య. "పొద్దున నీళ్ళు ఎనక్కి పోయినప్పుడు బురదలో చెయ్యి పెట్టి చూసినా. మణికట్టు దాకా బాగుండాది. దాని కింద నలుపు. పోయిన నెల మోచేయి దాకా బాగుండేది."

అంబిక ఈసారి ఒక్క క్షణం కూడా ఆగలేదు. "తగ్గుతాంది అక్కా. మంచిది కాదు. నువ్వు ఇప్పుడే..."

"తాళ్ళు పైకి కట్టేసినా" అంది సౌభాగ్య. "ఈడున్నోళ్ళకు కూడా చెప్పినా. నిన్నే కట్టుకున్నారు అందరూ."

"ఓ" అంది అంబిక.

"నిన్ను అడగాలని కాదమ్మే. సుమ్నే చెప్దామనిపించింది."

"చెప్పు అక్కా. ఎప్పుడైనా చెప్పు."

"ఆయ్తు. నాయనకియ్యి."

అంబిక ఫోను నాయనకిచ్చి, సంగటి కోసం ఎసరు పెట్టడానికి లోపలికి పోయింది.